నాచారం ఎండల్లో ఆపిల్ చెట్లు

తోటపని చదువు చదివి నర్సరీల్లో ఉద్యోగానికి బయల్దేరే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నన్ను చూడడానికి వస్తుంటారు. కుర్చీలో కూర్చోగానే అందరూ అడిగేది ఒకటే. "మేడం, హైదరాబాద్‌లో మొదట ఆపిల్ కాయించింది మీరేనట గదా?" మొదట కాయించింది నేనో కాదో నాకు తెలియదు. ఇక్కడ ఆపిల్ చెట్లను చంపినవాళ్లలో మాత్రం నేను ముందు వరుసలోనే ఉంటాను. వాళ్లకు ఒక్కో ముక్క చెప్పి పంపడం కంటే, జరిగింది జరిగినట్టు ఒకచోట రాసిపెడితే మంచిదనిపించింది. చదివి నవ్వుకున్నా ఫరవాలేదు. ఆ రోజుల్లో నాచారంలో సగంమంది నవ్వారు.

మొదటి ఏడాది పేరు

నేను ఉద్యోగంలో చేరింది ఎనభైల మొదట్లో. మా ఇల్లు చిల్కానగర్‌లో. నాన్న మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి ఒక మిషన్ దవాఖానాలో కాంపౌండరుగా చేసేవాడు. నేను వ్యవసాయ డిగ్రీ చేతబట్టుకుని సర్కారు ఉద్యోగం కోసం చూసి చూసి, చివరికి నాచారం ఫ్యాక్టరీల వెనక ఉన్న జంగయ్య గారి నర్సరీలో చేరాను. ఆయనది ఉప్పల్‌లో తరాలుగా వ్యవసాయం చేసిన కుటుంబం. పొలం సగం ఫ్యాక్టరీలకు పోతే, మిగిలిన సగంలో మొక్కలు పెంచి అమ్మేవారు. నా చదువంటే ఆయనకు గౌరవం, నా చేతిపని మీద అనుమానం. రెండూ న్యాయమైనవే. సంతోషంగా ఉన్నప్పుడు నన్ను "బిడ్డా" అనేవారు. కోపమొస్తే "మేడం" అనేవారు.

ఒక చలికాలం ఆయన చుట్టాలతో సిమ్లా వైపు యాత్రకు వెళ్లి, వస్తూ వస్తూ గోనెపట్టాలో చుట్టిన ఆపిల్ మొక్కలు రైల్లో వేసుకొచ్చారు. ఒక్క ఆకు లేదు. వేళ్ల చుట్టూ తడి నాచు. చూడ్డానికి పొయ్యిలోకి తెచ్చిన పుల్లల్లా ఉన్నాయి.

"గివి సూడు బిడ్డా. ఆడ ఏ ఇంటి ముంగట చూసినా గివే చెట్లు. మన తాన ఎందుకు కావు?" అన్నారు.

చదివిన చదువు ప్రకారం నేను "కావు సార్" అనాలి. "చూద్దాం సార్" అన్నాను. కొత్తగా ఉద్యోగాల్లోకి వెళ్లేవాళ్లు ఈ "చూద్దాం"తో జాగ్రత్తగా ఉండండి. కాదని చెప్పే ధైర్యం లేనివాళ్లు వాడే మాట అది.

మొక్కలు నాటాను. నెల తిరక్కుండానే ప్రతి కణుపు దగ్గరా చిగురు వేశాయి. లేత ఆకుపచ్చగా, నిగనిగలాడుతూ, ఏదో పెళ్లికి ముస్తాబైనట్టు! జంగయ్య గారు వచ్చినవాళ్లందరికీ నన్ను చూపించారు, తర్వాత మొక్కల్ని చూపించారు, చాలావాటిని కుండీల్లో పెట్టి అమ్మేశారు కూడా. నేను కూడా తగ్గలేదు. ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో నిలబడి వేడి ప్రాంతాల్లో ఆపిల్ సాగు గురించి మాట్లాడేశాను. మా పాస్టరు గారు అంతా విని, "ఏదెను తోటలో ఒక్క పండు కోసినందుకే మనం ఇంకా బాధపడుతున్నాం దయామణీ. నువ్వు ఏకంగా తోటే పెడుతున్నావా?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, మెచ్చుకోలు అనుకుని.

అసలు సంగతి ఇది. ఆపిల్ చెట్టుకు చలికాలమంటే నిద్ర. గడ్డకట్టే చలిలో ఆ నిద్ర నిండితేనే మొగ్గ కళ్లు తెరుస్తుంది. ఆ మొక్కలు కొండల్లో నిద్రంతా పోయి, రైలెక్కి, నాచారంలో దిగి మేలుకున్నాయి. అంతే. అందులో నేను చేసింది నీళ్లు పోయడం. మా చలికాలంలో స్వెట్టర్లు మనుషులకే అవసరమవుతాయి, ఆపిల్‌కు అది లెక్కలోకే రాదు.

మరుసటి ఏడాది మా చెట్లూ, కొనుక్కెళ్లినవాళ్ల చెట్లూ నగ్నంగా నిలబడ్డాయి. వేసవి వచ్చినా చిగురు లేదు. కొమ్మ మొత్తం బోడిగా ఉండి, కొసన మాత్రం నాలుగు ఆకులు కుచ్చులా వచ్చాయి. హబ్సిగూడ నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరు గారు తన చెట్టును కుండీతో సహా స్కూటర్ ముందు నిలబెట్టుకుని తెచ్చారు.

"అమ్మా, ఇది చెట్టా, జెండా కట్టెనా? పంద్రాగస్టుకు పనికొస్తదంటే ఇంట్లనే ఉంచుకుంట" అన్నారు.

ఆ రోజు జంగయ్య గారు నన్ను పొద్దుణ్నుంచి సాయంత్రం దాకా మేడం అనే పిలిచారు.

ఐసు

ఇక్కడ ఊరుకుని ఉంటే నా పరువు కొంతైనా మిగిలేది. కానీ నర్సరీకి దగ్గర్లోనే ఒక ఐసు ఫ్యాక్టరీ ఉండేది. రోజూ దాని ముందునుంచే నేను పనికి నడిచి వెళ్లేదాన్ని. రంపపు పొట్టులో దొర్లించిన ఐసుగడ్డలు తోపుడు బళ్ల మీద పోతుంటే చూసి చూసి నాకొక ఆలోచన వచ్చింది. చలి మన దగ్గరికి రాకపోతే, మనమే చలిని కొనుక్కోవచ్చు కదా!

జంగయ్య గారికి చెప్పాను. ఆయన నా ముఖం చూసి, "చదువుకున్నదానివి నువ్వే అంటున్నవు. సరే తీ" అన్నారు.

డిసెంబరు నెలలో ప్రతి చెట్టు మొదట్లో ఐసుగడ్డలు పేర్చి, పైన గోనెపట్టాలు కప్పాం. ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన కార్మికులు గోడ మీదనుంచి తొంగి చూసేవాళ్లు. మా నర్సరీలో పనిచేసే లచ్చమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు మజ్జిగ కుండలు తెచ్చి పట్టాల కింద దాచుకునేవాళ్లు. లచ్చమ్మ చాలా సంతోషపడింది. "చెట్టు సంగతి ఏమోగని మేడం, సల్ల మాత్రం మస్తుగ ఉంటున్నది" అనేది. మధ్యాహ్నానికి ఐసు కరిగి చెట్ల మొదళ్లలో బురద అయ్యేది. సాయంత్రం మళ్లీ ఐసు, పొద్దున మళ్లీ బురద. ఫిబ్రవరి కల్లా వేళ్లు కుళ్లి, మిగిలిన ఆ కొస ఆకులు కూడా రాలిపోయాయి. చెయ్యేసి లాగితే చెట్టు చేతిలోకి వచ్చేసింది.

జంగయ్య గారు ఆ చచ్చిన చెట్టును పట్టుకుని, తిట్టకుండా, "పోనీ బిడ్డా, ఎండకాలం అయితే గిరాకీ ఉంటుండె. మనం సల్లకొట్టు పెట్టాల్సింది" అన్నారు. మంచి యజమాని అంటే ఎవరో చెప్పమంటే నేను ఈ మాటే గుర్తు చేసుకుంటాను. ఆయనకు మొక్కల మీద ప్రేమ కంటే అమ్మకం మీద ప్రేమ ఎక్కువ. అది నిజమే. కానీ పని చేసి ఓడిపోయినవాళ్లను ఆయన ఎప్పుడూ నలుగురిలో నిలబెట్టి మాట అనలేదు. నేను తర్వాత చూసిన పెద్ద పెద్ద చదువుల అధికారుల్లో ఈ గుణం తక్కువ.

సార్ అడిగిన ప్రశ్న

సిగ్గు చంపుకుని రాజేంద్రనగర్ వ్యవసాయ కాలేజీకి వెళ్లి, నాకు పండ్లతోటల పాఠం చెప్పిన సారును కలిశాను. మితభాషి. ఐసు సంగతి చెప్పేసరికి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నవ్వు ఆపుకోవడానికేనని ఇప్పుడు తెలుస్తోంది.

"చలి తగలాల్సింది వేరుకా, మొగ్గకా?" అని అడిగారు.

"మొగ్గకు సార్."

"పరీక్షలో కూడా అలాగే రాశావా?"

"అలాగే రాశాను సార్."

"అయితే మార్కులు సరిగ్గానే వేశానన్నమాట."

కుర్చీ దగ్గరికి లాక్కుని ఓపిగ్గా చెప్పారు. తక్కువ చలితో సరిపెట్టుకునే రకాలు కొన్ని ఉన్నాయి. వాటికి కూడా మన చలి చాలదు. కాబట్టి వానలు వెళ్లాక నీళ్లు తగ్గించి, ఆకులన్నీ చేత్తో తెంపేయాలి. ఆకు పోయిన చెట్టు చలికాలం వచ్చి వెళ్లిందనుకుని మొగ్గ విప్పుతుంది. "మీ ఉప్పల్ చుట్టూ ద్రాక్ష తోటల్లో ఏటా కత్తిరింపులు చేసి తీగను మోసం చేస్తున్నారు కదా. ఇదీ అలాంటి మోసమే" అన్నారు.

ఆయనే ఒక స్నేహితుడి తోట నుంచి మొక్కలు తెప్పించి ఇచ్చారు. రెండు రకాలున్నాయి, రెండూ పట్టుకెళ్లమన్నారు. బస్సులో రెండు కట్టలు మోయడం కష్టమని, "ముందు ఒకటి చూద్దాం సార్" అన్నాను. మళ్లీ అదే మాట.

ఆ రకం పేరు అన్నా. అది ఏదో దేశంలో పెట్టిన ఆడపేరట. మా దగ్గర ఎవరు నమ్ముతారు? నర్సరీలో అది అన్న చెట్టు అయిపోయింది. "అన్నకు నీళ్లు పెట్టినవా?", "అన్నకు పేను పట్టింది" అంటూ రోజూ వినబడేది. ఆకులు తెంపేటప్పుడు లచ్చమ్మ ఒప్పుకోలేదు. "పచ్చగున్న చెట్టును బోడి చేసుడేంది మేడం? ఇంతకుముందు ముంచి చంపితిరి, ఇప్పుడు గిట్లనా?" అంది. నేనే నిలబడి తెంపాను. వేళ్లు పసరుతో నల్లబడ్డాయి.

పూత వచ్చింది! గులాబీ అంచుతో తెల్లటి పూలు, నాచారం ఫ్యాక్టరీ పొగ మధ్య. జంగయ్య గారు టోపీ తీసి చేతిలో పట్టుకుని చూశారు. నాకు ఏడుపొచ్చింది. రెండు వారాల్లో ఆ పూత మొత్తం రాలిపోయింది. ఒక్క పిందె నిలవలేదు. ఆపిల్ పువ్వుకు తన రకం పుప్పొడి సరిపోదు, పక్కన ఇంకో రకం ఉండాలి. సార్ రెండు కట్టలు ఇచ్చింది అందుకే. ఈ సంగతి కూడా నేను పరీక్షలో రాశానని చెప్పనవసరం లేదు.

రెండో రకం తెచ్చి, అవి పూతకొచ్చేదాకా ఆగి, ఆ తర్వాత ఏడాది కాయించాను. నిజంగా కాయించాను. మూడు చెట్లు కాశాయి. ఏప్రిల్ ఎండల్లో కోశాం. ఒకవైపు ఎర్రగా, ఎండ కొట్టినవైపు గోధుమ మచ్చతో, నిమ్మకాయ కంటే కాస్త పెద్దవి. కొరికితే ముందు పులుపు, తర్వాత పిండి పిండిగా ఉండేది. అయినా అది ఆపిలే.

ఐలయ్య

జంగయ్య గారు ఆగలేదు. రోడ్డు మీద పెద్ద బోర్డు రాయించారు: నాచారం ఆపిల్ మొక్కలు ఇచ్చట దొరుకును. అంటు మొక్కలు వందల్లో కట్టమన్నారు. ఇంటి ముందు సరదాకు పెట్టుకునేవాళ్లకు నేను సంతోషంగా అమ్మాను. అప్పుడు వచ్చాడు ఐలయ్య.

నారపల్లి మనిషి. నలభై దాటిన వయసు, భుజాన తువ్వాలు. తోటలో ద్రాక్ష పందిరి ఉండేదని, బావి అడుగంటి తీగలు ఎండిపోయాయని చెప్పాడు. వరంగల్ రోడ్డు పొంటి పొలాలన్నీ ప్లాట్లు అవుతున్నాయి. ఇద్దరు తమ్ముళ్లూ అమ్మేద్దామని పట్టుబట్టారట.

"ఒక్క తీరుగ చెప్పిన వాళ్లకు. తోటల మళ్లీ పంట చూపిస్త, జర ఆగుండ్రి అని. మీ ఆపిల్ సంగతి ఇని వచ్చిన. మొత్తం గదే పెడుదమనుకుంటున్న" అన్నాడు.

జంగయ్య గారి ముఖం వెలిగిపోయింది. "మంచి ఆలోచన చేసినవ్ తమ్మీ. మన మేడం ఉన్నది గదా, అంతా ఆమెనే చూసుకుంటది" అని నా వైపు తిరిగి, "చెప్పు బిడ్డా" అన్నారు.

అప్పటికి నాన్న పక్షవాతంతో మంచంలో ఉన్నాడు. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది. "చూద్దాం" అంటే సరిపోయేది. ఐలయ్య చేతులు కట్టుకుని నా వైపే చూస్తున్నాడు. ఆ మనిషికి ఆపిల్ మీద ఆశ లేదు. నేల మీద ఆశ ఉంది. తమ్ముళ్ల దగ్గర గెలవడానికి ఏదో ఒకటి కావాలి. అది నా చేతిలో ఉందనుకుని వచ్చాడు.

లోపలికి వెళ్లి, దాచిపెట్టిన ఆపిళ్లలో ఒకటి కోసి తెచ్చి అతని చేతికిచ్చాను. "తిని చూడండి" అన్నాను.

కొరికాడు. నమిలాడు. మర్యాద గల మనిషి. ఇంకో ముక్క నోట్లో వేసుకుని, మెల్లగా అడిగాడు. "మేడం, జర ఉప్పుకారం ఉందా?"

లచ్చమ్మ వెనకనుంచి కిసుక్కున నవ్వింది. నేను ఇక ఆగలేదు. "అన్నా, పెట్టకండి. మూడు చెట్ల ఆకులు తెంపడానికే మా నడుములు పోయినయి. ఎకరాలకు ఎకరాలు ఎవరు తెంపుతరు? కొత్తపేట మార్కెట్ల కాశ్మీర్ పండు పక్కన ఈ పండు పెడితే ఎవరు కొంటరు? మూడేళ్లు ఆగాలె, నీళ్లు కావాలె. మీకున్నది ఎండిన బావి" అన్నాను.

"మరి గా బోర్డు?" అన్నాడు ఐలయ్య.

"ఆ బోర్డు ఇంటి ముందర ఒక చెట్టు పెట్టుకునేటోళ్లకు. దాని మీద బతికేటోళ్లకు కాదు."

ఐలయ్య తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఏదో నేనే అతని పొలం అమ్మేసినట్టు అనిపించింది. గేటు దాటేదాకా చూసి జంగయ్య గారు నా వైపు తిరిగారు.

"నా దుకాణంల నిలబడి నా సరుకే వద్దంటవా మేడం? గంత నిజం చెప్పాలంటే చర్చిల చెప్పుకో. రేపటి సంది రాకు."

టిఫిన్ డబ్బా, నా సొంత కత్తెర సంచిలో వేసుకుని ఇంటికి నడిచాను. అమ్మకు చెప్తే ఏమంటుందోనని దారంతా భయపడ్డాను. అమ్మ అంతా విని, "ఐసుగడ్డలు పెట్టినప్పుడు కూడా తియ్యలే, ఇప్పుడు తీసేసిండా?" అని ఆశ్చర్యపోయింది.

మూడో రోజు పొద్దున జంగయ్య గారు స్కూటర్ మీద చిల్కానగర్ వచ్చారు. నాన్న మంచం పక్కన కుర్చీలో కూర్చుని, ఆరోగ్యం అడిగి, టీ తాగారు. నా వైపు చూడకుండానే మాట్లాడారు.

"గా నారపల్లి ఐలయ్య మళ్లొచ్చిండు. వేరే ఏం పెడితే దినాలు ఎళ్తయో అడుగుతున్నడు. నేను చెప్తే ఇంటలేడు. మేడం ఉంటెనే మాట్లాడుత అంటున్నడు."

"నన్ను తీసేసిన్రు కద సార్."

"తీసేసిన. నిజమే. గని గిరాకీ నిలబడి ఉన్నడు. లే, చెప్పులు తొడుక్కో బిడ్డా."

బోర్డు తీయలేదు. కానీ దాని కింద చిన్న అక్షరాలతో 'ఇంటి అందం కొరకు' అని రాయించారు. ఆయన అంతవరకు దిగి వచ్చారంటే అది చాలా దూరమే.

జామతోట

ఐలయ్యతో జామ పెట్టించాను. చెట్ల మధ్య ఖాళీలో చామంతి వేయించాను. ఆదివారం ఆరాధన కాగానే బస్సెక్కి నారపల్లి వెళ్లేదాన్ని. బావిలో పూడిక తీశారు. తమ్ముళ్లు మొదట్లో నన్ను చూసి మొహం తిప్పుకునేవాళ్లు. తర్వాత తర్వాత వాళ్లే కుర్చీ వేసేవాళ్లు. గొప్ప లాభాలేం రాలేదు. ఇల్లు గడిచింది, పిల్లల బడి గడిచింది, నేల నిలబడింది. నాకు అది చాలా పెద్ద విషయంగా ఉండేది. నేను కాపాడిన తోట అని మనసులో అనుకునేదాన్ని. బయటికి అనకపోయినా, బహుశా నా నడకలో తెలిసేది.

తోట నిలదొక్కుకున్నాక నా రాకపోకలు తగ్గాయి. తొంభైల చివర్లో ఒక రోజు జంగయ్య గారు చెప్పారు, ఐలయ్య వాళ్లు తోట అమ్మేశారని. ఆ ఆదివారం నేను ఆరాధన మధ్యలోనే లేచి వెళ్లాను. బస్సులో ఓదార్పు మాటలు కూర్చుకున్నాను. నేల పోయినా మనిషి నిలబడాలి, ఇలాంటివి. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

జామచెట్లున్న చోట రాళ్లు పాతి, సున్నంతో గీతలు గీశారు. పక్కన కొత్త ఇల్లు లేస్తోంది. ఐలయ్య ఇస్త్రీ చొక్కాలో ఎదురొచ్చి, నన్ను చెయ్యి పట్టుకున్నంత ప్రేమగా లోపలికి తీసుకెళ్లి నేలకు పరిచిన నున్నటి బండలు చూపించాడు.

"జారుతయేమో అని మా ఆమె బుగులు. నువ్వు చెప్పు మేడం, మంచిగున్నయా?"

నేను కూర్చుకొచ్చిన మాటల్లో బండల ప్రస్తావన లేదు. బాగున్నాయన్నాను. టీ వచ్చింది. తమ్ముళ్లు, ఇంకెవరో ఇద్దరు ఊరివాళ్లు చుట్టూ చేరారు. ఐలయ్య వాళ్లకు నన్ను చూపించి చెప్పాడు.

"గీ మేడమే. అప్పుడు ఆపిల్ పెట్టి ఉంటే రెండేండ్లల్ల మునిగి, వచ్చినకాడికి అమ్ముకుంటుంటిమి. మేడం వద్దన్నది. జామతోని దినాలు ఎళ్లదీసినం, ఆగినం. ఆగినందుకే గింత ధర వచ్చింది. అంతా ఆమె సలవ."

పదిహేనేళ్లు దాటిన నా ఉద్యోగంలో రైతుకు నేను చేసిన అతిపెద్ద మేలు, రియల్ ఎస్టేట్‌లో అని అప్పుడు తెలిసింది.

"చెట్లు కొట్టేటప్పుడు ఉన్నారా?" అని అడిగాను.

ఐలయ్య నవ్వు ఆగింది. "లేను మేడం. కావాలనే అత్తగారి ఊరికి పోయిన" అన్నాడు. కప్పు కింద పెట్టి, కొత్త కిటికీలోంచి ఆ సున్నం గీతల వైపు చూశాడు. నేనూ చూశాను.

అతని చిన్న తమ్ముడికి మాత్రం అంత ఓపిక లేదు. "మేడం, కీసర దిక్కు భూములు అమ్ముతున్నరు. గుట్టకు ఇటు పక్కన. ఇప్పుడు కొంటే ఎట్లుంటది?" అన్నాడు.

ఆపిల్ గురించి కూడా నన్ను ఎవరూ అంత నమ్మకంగా అడగలేదు. గదిలో అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకుని, ఈసారి "చూద్దాం" అనకుండా, నాకు తెలియదని స్పష్టంగా చెప్పాను.

"మేడం తెల్వదన్నదంటే దాంట్ల ఏదో ఉన్నట్టే" అన్నాడు ఆ తమ్ముడు పక్కవాడితో, కుర్చీ నా దగ్గరికి ఇంకాస్త జరుపుకుంటూ.